గడియారం తీసిన ముప్పై ఏడు నిమిషాలు

"ట్రిగ్గర్లన్నీ ఆపేస్తున్నాను. పదకొండుంబావు దాకా ఎవరూ కదిలించొద్దు."

కంప్యూటర్ గదిలోంచి ఈ మాట ఫోన్లోకి వెళ్లాలి. సగం ఫోన్లోకే వెళ్లింది. మిగతా సగం తలుపు సందులోంచి బయటికొచ్చి, అక్కడ బల్ల మీద కూర్చున్న అటెండరు బాబాయ్ చెవిలో పడింది. బాబాయ్‌కి ఎడమ చెవి వింటుంది, కుడి చెవి ఊహిస్తుంది. ఆ పూట తలుపు వైపున ఉన్నది కుడి చెవి.

బాబాయ్ లేచి వరండాలోకి వచ్చాడు. "కంప్యూటర్ గదిలో టైగర్లున్నాయట. ఆపేశాడట. పదకొండుంబావు దాకా కదిలించొద్దంటున్నాడు."

"ఎన్ని?" అంది చీటీలు రాసే అమ్మాయి.

"అన్నీ అన్నాడు."

"కంటి ఆసుపత్రికి పులులెందుకొచ్చాయి బాబాయ్?"

"చత్వారమొచ్చి ఉంటుంది. వాటికి మాత్రం వయసు రాదా?"

నవ్వాల్సినవాళ్లు నవ్వారు. నవ్వనివాళ్లు గేటు దాకా వెళ్లారు. గేటు దగ్గర సెక్యూరిటీ మనిషి విషయమంతా విని, ముందుజాగ్రత్తగా ఒక తలుపు మూశాడు. ముప్పై మంది ఉన్న లైను పది నిమిషాల్లో పదకొండు మందికి తగ్గింది. ఆ పదకొండుగురూ ధైర్యవంతులని కాదు, కళ్లలో చుక్కలు వేయించుకున్నారు, పరిగెత్తడానికి దారి కనపడలేదు.

ఇంత జరుగుతున్నా లోపలి మనిషికి ఏమీ తెలీదు. అతను ఆసుపత్రి డేటాబేసు చూసుకుంటాడు కనక అందరూ అతన్ని డేటా బాసు అంటారు. అతని పైన ముగ్గురు బాసులున్నారు, కింద ఒక్కరూ లేరు. పేరులో మాత్రం బాసు మిగిలిపోయింది.

ఆ రోజు సోమవారం. మూతపడ్డ పాత బ్రాంచి నుంచి నలభై వేల ఆపరేషన్ల వివరాలు వచ్చాయి, వాటిని ఇక్కడి లిస్టులో కలపాలి. కలపడం పెద్ద పనేం కాదు. చిక్కల్లా ట్రిగ్గర్లతోనే. ట్రిగ్గరంటే, లిస్టులో ఒక పేరు పడగానే ఎవరూ చెప్పకుండా తనంతట తాను జరిగిపోయే పని. ఇక్కడ అలాంటివి మూడున్నాయి. ఆ పేరు ఎవరు రాశారో, ఎన్ని గంటలకు రాశారో లాగ్ అనే చిట్టాలో ఒకటి రాసిపెడుతుంది. రెండోది ఆ పేరును వార్డు నర్సు లిస్టులోకి పంపుతుంది. "ఫలానా రోజు ఉదయం ఏడింటికి రండి" అని పేషెంటు ఫోనుకి కబురు పెట్టేది మూడోది. అవి ఉండగా నలభై వేల పాత పేర్లు ఎక్కిస్తే నలభై వేల మందికి కబురు వెళుతుంది. వాళ్లందరికీ ఆపరేషన్ ఎప్పుడో అయిపోయింది. కొందరికి అన్నీ అయిపోయాయి.

అందుకే ఆపడం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు, బొమ్మల్లేవు, బొత్తాల్లేవు. అతను రెండు వేళ్లతోనే టైపు చేస్తాడు కానీ ఆ రెండూ తడబడవు. "డిసేబుల్ ట్రిగ్గర్ ఆల్" అని కొట్టి, ఎంటర్ నొక్కేముందు ఎడమచేతి గడియారం విప్పి కీబోర్డు పైఅంచున అడ్డంగా పెట్టాడు. అది అతని పద్ధతి. ట్రిగ్గర్లు ఆగి ఉన్నంతసేపూ గడియారం చేతికి ఉండదు. మళ్లీ ఆన్ చేశాకే పెట్టుకుంటాడు. ఒకసారి మర్చిపోయి ఇంటికి బయల్దేరితే, బస్సులో టైము చూసుకోబోయి ఖాళీ మణికట్టు చూసి వెనక్కి పరిగెత్తాడు. ఈ సోమవారం గడియారం విప్పేసరికి టైము పది నలభై రెండు.

అంతకుముందే అయిదు టేబుళ్లకి ఫోన్ చేశాడు. నలుగురు ఎత్తారు. అయిదో టేబులు లిస్టక్కది. ఆపరేషన్ల లిస్టులో పేర్లు ఎక్కించేది ఆవిడే. ఫోను మోగింది, మోగింది, ఆగింది. ఇంకోసారి చేశాడు. ఎత్తలేదంటే సీట్లో లేదు, సీట్లో లేకపోతే పేర్లెక్కించేవాళ్లు లేరు. ఆ లెక్క బాగానే ఉందనుకుని ఎంటర్ నొక్కాడు.

నలభై వేలు ఎక్కాయి. "ఎనేబుల్ ట్రిగ్గర్ ఆల్" అని కొట్టాడు. మూడు ట్రిగ్గర్లూ ఆనయ్యాయో లేదో ఒక్కొక్కటీ విడిగా అడిగి చూశాడు. ఆనయ్యాయి. పదకొండు పంతొమ్మిది. గడియారం పెట్టుకుని బయటికొస్తే వరండాలో జనం అతని చేతుల వైపూ కాళ్ల వైపూ చూశారు.

"గాయాలేం తగల్లేదుగా బాసూ?" అన్నాడు బాబాయ్.

*

బుధవారం ఉదయం దర్జీ తాత వచ్చాడు. మెళ్లో కొలతల టేపు తియ్యడం మర్చిపోయి అలాగే వచ్చేశాడు. వెంట మనవరాలు, చేతిలో రెండు పూటలకి సరిపడా సంచీ. కుడికంట్లో శుక్లం, ఈ రోజు తీస్తామన్నారు.

"మీ పేరు లేదు తాతా" అంది వార్డు నర్సు లిస్టు మీద వేలు పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ నడిపించి.

"ఉంటుందమ్మా. సరిగ్గా చూడు. నాకంటే కనపడదు."

తాత జేబులోంచి కార్డు తీశాడు. దాని మీద గుండ్రటి అక్షరాలతో 'బుధవారం, ఏడు గంటలు' అని ఉంది. ఆ గుండ్రం ఎవరిదో ఆసుపత్రిలో అందరికీ తెలుసు. పావుగంటలో వ్యవహారం వార్డు దాటి, మెట్లు దిగి, పరిపాలనాధికారి గదిలోకి చేరింది.

పరిపాలనాధికారిని రెండు పొడి అక్షరాల్లో ఏ.వో. అంటారు. నోరు తిరిగే కొద్దీ అది ఏవో అయింది. ఏవో గారు ఏవో ఒకటి అడుగుతూనే ఉంటారు. డేటా బాసు కంప్యూటర్ని అడగడానికి క్వెరీలు రాస్తే ఆయన మనుషుల్ని అడగడానికి కొర్రీలు రాస్తారు. డేటా బాసు క్వెరీకి క్షణంలో జవాబొస్తుంది. ఏవో గారి కొర్రీకి జవాబు చెప్పి బతికి బట్టకట్టినవాళ్లు తక్కువ.

లిస్టక్క ఆయన ఎదురుగా నిలబడి ఉంది. వయసు యాభై రెండు, ఈ పనిలో పదకొండేళ్లు. ఆ పదకొండేళ్లూ ఒక్కసారిగా ఇచ్చినవి కావు. ఏడాది ఏడాదికీ కాంట్రాక్టు పొడిగిస్తూ వచ్చారు. ఈ ఏటి గడువు శనివారంతో సరి. పొడిగింపు కాగితం ఏవో గారి టేబులు మీదే, పేపర్‌వెయిట్ కింద ఉంది.

"నేను రాశాను సార్. సోమవారం పొద్దున రాశాను. వయసు డెబ్భై అని కొడితే, డెబ్భై రెండమ్మా, నా రెండేళ్లు ఎందుకు కొట్టేస్తావన్నాడాయన. దిద్దాను కూడా. నా తెర మీద ఇప్పటికీ ఆ పేరుంది, వచ్చి చూడండి."

"నీ తెర మీద ఉంటే సరా? వార్డు తెర మీద ఏది?" ఏవో గారు డేటా బాసు వైపు తిరిగారు. "లాగ్ లాగండి."

లాగ్ లాగడం రెండు నిమిషాల పని. సోమవారం కాగితం ప్రింటర్లోంచి వెచ్చగా వచ్చింది. లిస్టక్క పది ముప్పై ఒకటికి ఒక పేరు రాసింది. తర్వాతది పదకొండు ఇరవై ఆరుకి. ఆ రెండింట్లో ఏదీ తాతది కాదు.

"సోమవారం లాగ్‌లో ఆ పేరు లేదు సార్" అన్నాడు.

"ఇంకేం? కార్డు మీద రాసింది, కంప్యూటర్లో రాయడం మర్చిపోయింది. పొద్దున గొడవ కాగానే వెళ్లి తన తెర మీద ఎక్కించింది. పైగా డెబ్భై అని, రెండని, కథొకటి."

"తమ్ముడూ, నేను రాశాను" అంది లిస్టక్క. ఏవో గారితో కాదు, అతనితో.

డేటా బాసు కాగితం చూశాడు, ఆవిడని చూశాడు. కాగితం చూడటం తేలిగ్గా ఉంది. "లాగ్ అబద్ధం చెప్పదక్కా" అన్నాడు.

ఏవో గారు చెబుతుంటే అతనే రాసి, అతనే సంతకం పెట్టాడు: పై పేరు సోమవారం నమోదు చేసినట్టు కంప్యూటర్ రికార్డులో ఎక్కడా లేదు. ఆ కాగితం వెళ్లి పొడిగింపు కాగితం మీద కూర్చుంది. పేపర్‌వెయిట్ రెండింటి మీదా కూర్చుంది.

బయట తాతకి మూడు వారాల తర్వాతి తేదీ కార్డు మీద రాసిచ్చారు, కంప్యూటర్లో ఎక్కించడం తర్వాత చూద్దామన్నారు. తాత కొత్త కార్డు కంటికి ఆనించి చూసుకుని, "మూడు వారాలు సూదిలోకి దారం ఎవరెక్కిస్తారు?" అన్నాడు. ఎవర్నని కాదు. "నేనెక్కిస్తాను తాతా" అంది మనవరాలు. "నువ్వెక్కిస్తావు. కుట్టడం?" అన్నాడు.

*

ఇంట్లో అతని భార్య టీచరు. అన్నం వడ్డిస్తూ కూడా పిల్లల్ని లెక్కపెట్టినట్టు గిన్నెలు లెక్కపెడుతుంది. జరిగిందంతా విని, "ఆవిడ మర్చిపోయే మనిషేనా?" అంది.

"కాదు. కానీ లాగ్‌లో లేదు."

"మరి పేరుందన్నారు?"

"పేరుంది. ఇవాళ పొద్దున ఎక్కించుంటుంది."

"ఇవాళ్టి లాగ్‌లో ఉందా?"

అతను పెరుగు కలుపుతున్నాడు. కలపడం ఆపాడు.

"చూళ్లేదా?" అంది.

"సోమవారంది అడిగారు. సోమవారంది తీశాను."

"బాగుంది. మా క్లాసులో ఒక పిల్లాడు ఎదురుగా బెంచీ మీద కూర్చున్నాడనుకోండి. హాజరుపట్టీలో ఆ రోజూ లేడు, మర్నాడూ లేడు. అంటే పిల్లాడు రాలేదనా? నేను పేర్లు పిలవలేదనా?" అని ఆవిడ మజ్జిగ గిన్నె మూత తీసింది. "తినండి, చల్లారిపోతుంది."

"పెరుగన్నం చల్లారేదేముంది?" అన్నాడు. కానీ తినలేదు.

*

గురువారం అందరికంటే ముందు వచ్చాడు. ఊడ్చే ఆవిడ చీపురు పట్టుకుని, "కాళ్లెత్తండి" అంటే కుర్చీలో కాళ్లెత్తుకునే టైపు చేశాడు. బుధవారం లాగ్‌లో తాత పేరు లేదు. మంగళవారంలో లేదు. అసలెక్కడా లేదు. లిస్టులో మాత్రం ఉంది. వయసు, డెబ్భై రెండు.

పుట్టకుండానే డెబ్భై రెండేళ్లొచ్చిన పేరు.

నల్ల తెర మీద పైబాణం మీట నొక్కితే అంతకుముందు కొట్టిన కమాండ్లు ఒక్కొక్కటే వెనక్కి వస్తాయి. చెయ్యి ఊరుకోలేక నొక్కాడు. నిన్నటివి. నొక్కాడు, మొన్నటివి. ఇంకో నాలుగు నొక్కులకి సోమవారం వచ్చింది. "ఎనేబుల్ ట్రిగ్గర్ ఆల్", పక్కన టైము పదకొండు పంతొమ్మిది. ఇంకొక్క నొక్కు కొడితే డిసేబులుది వస్తుందని తెలుసు, పక్కన పది నలభై రెండు ఉంటుందనీ తెలుసు. అయినా నొక్కాడు.

పది ముప్పై ఒకటి. పదకొండు ఇరవై ఆరు. ఆ రెండు టైముల మధ్య ఆవిడ ఖాళీగా కూర్చోలేదు. లాగ్ ఖాళీగా కూర్చుంది. అబద్ధం చెప్పలేదు నిజమే, ఆ కాసేపు దాని నోరు అతను కట్టేశాడు.

లిస్టులో ఉండి లాగ్‌లో లేని పేర్లన్నీ చూపించమని అడిగాడు. పాత నలభై వేలూ వచ్చిపడ్డాయి, అవి కూడా ట్రిగ్గర్లు ఆపి ఎక్కించినవే కదా. వాటిని పక్కకి తీసేసి, ఆపరేషన్ తేదీ ఈ వారంలోనో వచ్చే వారంలోనో ఉన్నవి మాత్రమే అడిగాడు. నాలుగు. మొదటిది తాతది, నిన్న తప్పిపోయింది. మూడోది శనివారం, నాలుగోది మళ్లీ సోమవారం. రెండోది ఒక బస్సు డ్రైవరుది. ఇవాళ. ఎనిమిది గంటలకి.

గడియారం చూశాడు. ఏడూ నలభై.

మెట్లు రెండేసి ఎక్కాడు. డ్రైవరు వార్డు బయట బెంచీ మీద, కార్డు చేతిలో పట్టుకుని, తన బండి తనకంటే ముందు వెళ్లిపోయినట్టు కూర్చుని ఉన్నాడు. "పేరు లేదన్నారండీ. డిపోలో సెలవు పెట్టుకుని వచ్చాను" అన్నాడు.

"ఉంది. లోపలికి రండి." నర్సు చేతిలో లిస్టు లాక్కుని, కిందున్న ఖాళీలో పెన్నుతో పేరు రాశాడు. "మా పొరపాటు సిస్టర్. ఇప్పుడే కిందికెళ్లి సరిచేస్తాను. ఈయన్ని మాత్రం పంపొద్దు."

"పెన్నుతో రాస్తే డాక్టరుగారు ఒప్పుకోరు."

"అయిదు నిమిషాల్లో మీ తెర మీదికొస్తుంది. రాకపోతే నన్ను ఆపరేషన్ చెయ్యమనండి."

కిందికి దిగి, తేదీ దాటిపోయిన తాత పేరు వదిలి, మిగతా మూడు పేర్లనీ ఒక్కొక్కటే తెరిచి, ఏమీ మార్చకుండా మళ్లీ భద్రం చేశాడు. ఈసారి ట్రిగ్గర్లు మెలకువగా ఉన్నాయి. పేరు వార్డుకి వెళ్లింది, కబురు ఫోనుకి వెళ్లింది. లాగ్‌లో మూడు కొత్త వరసలు పడ్డాయి. మూడింట్లోనూ ఎవరు రాశారన్న చోట అతని పేరే ఉంది.

పదింటికి ఏవో గారి గదికెళ్లి చెప్పాడు. ఏవో గారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. కనపడకపోవడం వల్ల కాదు, ఆలోచించడానికి.

"సరిచేశారుగా?"

"చేశాను సార్."

"ఆ డ్రైవరుకి ఆపరేషన్ అయిందా?"

"అయింది."

"మరింకేం? ముసలాయన్ని రేపో ఎల్లుండో ముందుకి జరుపుదాం. అయిపోయింది."

"అక్క సంగతి సార్?"

"ఆవిడది కాంట్రాక్టు. గడువైపోతుంది, పొడిగించం, అంతే. ఎవర్నీ తీసేసినట్టు కాదు. మీది పర్మినెంటు ఉద్యోగం. మీరు సంతకం పెట్టిన కాగితాన్ని మీరే తప్పంటే మీకు మెమో ఇవ్వాలి. ఆపేముందు రాతపూర్వకంగా నోటీసు పెట్టారా? పెట్టలేదు. ఇంక్రిమెంటు ఆగుతుంది." ఆయన గొంతు తగ్గించారు. "ఇష్టముండి మెమో తెచ్చుకుంటారా ఎవరైనా?"

డేటా బాసు పేపర్‌వెయిట్ కింద ఉన్న తన సంతకం వైపు చూశాడు. పేపర్‌వెయిట్ గాజులోంచి అది అసలు కంటే పెద్దగా కనిపిస్తోంది.

"ఆలోచించుకుంటాను సార్" అన్నాడు. ఆ జవాబుకి అతనికే సిగ్గేసింది.

లిస్టక్క సీటు వెతుక్కుంటూ వెళితే పాత గది తాళం వేసి ఉంది. తలుపు మీద 'పైకప్పు కారుచున్నది' అని కాగితం. లోపల ఫోను మోగుతోంది. ఎవరో ఆవిడ కోసమే చేస్తున్నట్టున్నారు. తాళం వేసిన గదిలో అది ఓపిగ్గా మోగి ఆగింది.

ఆవిడ టేబులు మెట్ల కింద, ఆపరేషన్ గది పక్కకి మారి రెండు వారాలైందట. మనిషినీ కంప్యూటర్నీ మార్చారు, ఫోను మార్చలేదు. అక్కడ నిలబడాలంటే తల వంచాలి. ఆవిడ సొరుగులోంచి ఒక్కొక్క వస్తువూ తీసి గుడ్డసంచీలో పెడుతోంది. దువ్వెన, మాత్రల డబ్బా, పెన్నులు కట్టిన రబ్బరుబ్యాండు.

"అక్కా, ఇక్కడికెప్పుడు మారారు?"

"నీకు తెలీదా తమ్ముడూ? కాగితం పంపారుగా."

"నాకు రాలేదు."

"మరి నాకు ఫోన్ చెయ్యలేదా?"

"చేశాను. సోమవారం. రెండుసార్లు." అతను వంగే నిలబడి ఉన్నాడు, మెట్ల వల్ల. "ఆ కాసేపు నేను ట్రిగ్గర్లు ఆపాను. ఆ టైములో మీరు నాలుగు పేర్లెక్కించారు. మీరు రాశారు. లాగ్‌ని నేనే రాయనివ్వలేదు."

ఆవిడ చేతిలో దువ్వెన ఉంది. కాసేపు దాని పళ్ల మీద బొటనవేలు నడిపింది, అటూ ఇటూ.

"నిన్న అన్నావే, అది అబద్ధం చెప్పదని."

"అన్నాను."

"నిన్నంతా నాకు నా మీదే అనుమానం తమ్ముడూ. రాశానా, రాసినట్టు అనుకున్నానా అని. ఇంటికెళ్లి పొయ్యి కట్టేశానో లేదో మూడుసార్లు చూశాను. పదకొండేళ్లలో ఎవరేమన్నా నాకంత కష్టమనిపించలేదు." దువ్వెన సంచీలో వెయ్యకుండా టేబులు మీద పెట్టింది. "ఇప్పుడేం చేస్తావు?"

తల ఎత్తబోయి మెట్టుకి కొట్టుకున్నాడు. "చెబుతాను. అందరికీ" అన్నాడు తల రుద్దుకుంటూ.

*

శుక్రవారం పదకొండింటికి అందరూ కంప్యూటర్ గదికి రావాలని డేటా బాసే కాగితం రాసి, అయిదు టేబుళ్లకీ స్వయంగా తిరిగి సంతకాలు తీసుకున్నాడు. ఏవో గారు, వార్డు నర్సు, చీటీల అమ్మాయి, లిస్టక్క వచ్చారు. నలుగురికి కుర్చీలున్నాయి. మిగతావాళ్లు నిలబడ్డారు. తలుపు దగ్గర బాబాయ్, ఈసారి ఎడమ చెవి లోపలికి పెట్టి.

"అక్కా, ఇక్కడ కూర్చోండి. ఇది మీ లిస్టే. ఒక పేరెక్కించండి."

"ఎవరిది?"

"ఏవో గారిది."

"నాదెందుకు?" అన్నారు ఏవో గారు ఉలిక్కిపడి.

"తర్వాత తీసేస్తాం సార్. కత్తి దాకా రానివ్వను."

లిస్టక్క ఆయన పేరు కొట్టింది. "వయసు సార్?" "యాభై ఆరు." "దిద్దించరుగా?" అంది ముఖం కదలకుండా. ఎవరో వెనక కిసుక్కుమన్నారు. ఎంటర్ నొక్కగానే పక్క తెర మీద లాగ్‌లో ఒక వరస పడింది. ఆవిడ పేరు, టైముతో సహా. నర్సు వెంట తెచ్చిన ట్యాబ్ తెర మీద వార్డు లిస్టులో ఏవో గారు ప్రత్యక్షమయ్యారు. ఆయన జేబులో ఫోను కుయ్యిమంది. తీసి చూసుకున్నారు. రేపు ఉదయం ఏడింటికి రమ్మంటోంది.

డేటా బాసు ఆ పేరు తీసేశాడు. గడియారం విప్పి కీబోర్డు అంచున పెట్టాడు. నల్ల తెర మీద ఒక్క వరస కొట్టాడు.

"ఇప్పుడు మళ్లీ అదే పేరెక్కించండక్కా."

ఎక్కించింది. ఆవిడ తెర మీద పేరు చక్కగా పడింది. లాగ్ కదల్లేదు, వార్డు లిస్టు కదల్లేదు. ఏవో గారు జేబు మీద చెయ్యేసుకుని ఎదురుచూశారు. ఫోను కుయ్యనలేదు.

"సోమవారం పది నలభై రెండు నుంచి పదకొండు పంతొమ్మిది దాకా ఇలా ఉంది" అన్నాడు. కమాండ్ల కాగితం ఏవో గారికి ఇచ్చాడు. రెండు టైముల కిందా ఎర్రగీత ఉంది. "ఆపింది నేను. ఆపేముందు అక్క సీటు దాకా వెళ్లకుండా, ఖాళీ గదికి ఫోన్ చేసి లేదనుకున్నాను. లాగ్‌లో లేదు కనక రాయలేదని సంతకం పెట్టాను. ఆ సంతకం వెనక్కి తీసుకుంటున్నాను. ఇదిగో, రాసే తెచ్చాను."

రెండో కాగితం కూడా ఇచ్చాడు. ఏవో గారు చాలాసేపు చదివారు, ఉన్నది నాలుగు వరసలే అయినా. ఆయన జేబులోని ఫోనులో ఇంకా ఆ మొదటి కబురు ఉంది.

"మెమో ఇవ్వాల్సొస్తుంది" అన్నారు.

"ఇవ్వండి సార్."

"అయిదో టేబులు మారిందన్న కాగితం మా ఆఫీసు నుంచే వెళ్లాలి" అన్నారు ఆయన. "వెళ్లినట్టు లేదు. అది కూడా ఇందులో రాయండి." పెన్ను తీసి, రాయడానికి టేబులు దొరక్క, కుర్చీ వీపు మీదే కాగితం పెట్టి పొడిగింపు మీద సంతకం పెట్టారు. అది జేబులోనే ఉందని అప్పుడు తెలిసింది. పెట్టాలని తెచ్చారో, పెట్టకూడదని తెచ్చారో ఎవరూ అడగలేదు. "ముసలాయన్ని రేపటి లిస్టులో మొదట వెయ్యండమ్మా."

"ట్రిగ్గర్లు ఆన్ చేశాక వేస్తాను సార్" అంది లిస్టక్క.

డేటా బాసు ఏవో గారి పేరు తీసేసి, ఆన్ చేశాడు. మూడూ విడివిడిగా చూశాడు. గడియారం కోసం చెయ్యి చాపితే అక్కడ లేదు. లిస్టక్క చేతిలో ఉంది.

"ఈసారి ఆపినప్పుడు ఇది ఇక్కడ కాదు తమ్ముడూ, తెచ్చి నా టేబులు మీద పెట్టు. మెట్ల కింద. తల వంచుకుని రా" అని ఇచ్చింది.

అప్పటికి వరండాలో జనం మూగారు. లోపల ఏం జరుగుతోందని లైను లైనంతా తలుపు వైపు తిరిగింది. "మళ్లీ పులులొచ్చాయా?" అని సెక్యూరిటీ మనిషి గేటు దగ్గర్నుంచే అరిచాడు.

బాబాయ్ బల్ల ఎక్కాడు. "పులుల్లేవు, గిలుల్లేవు. సోమవారం నేను తప్పు విన్నాను, తప్పు చెప్పాను, ఒప్పుకుంటున్నాను. ఇవాళ రెండో చెవితో విన్నాను. ఆపింది టైగర్లని కాదు, ట్రిగ్గర్లని. అంటే గంటలనుకోండి. మన లిస్టక్క మీ పేరు రాయగానే లోపల మూడు గంటలు మోగుతాయి. ఒకటి పుస్తకంలో రాయమని, ఒకటి వార్డుకి, ఒకటి మీ ఫోనుకి. సోమవారం ముప్పై ఏడు నిమిషాలు ఆ గంటలు కట్టేశారు. అక్క రాసింది. గంట మోగలేదు. మోగలేదు కనక అక్క రాయలేదన్నారు. అది తప్పు. దర్జీ తాత పేరు అక్క రాసింది, డెబ్భై రెండేళ్లతో సహా. తెలిసిందా?"

"తెలిసింది" అన్నారు లైన్లో కొందరు.

"మరి గంటలు కట్టేసిందెవరు?" అంది చుక్కలు వేయించుకుని కళ్లు మూసుకున్న ఒకావిడ.

బాబాయ్ గది వైపు చూశాడు.

డేటా బాసు గడియారం పెట్టుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు.

"నేనేనమ్మా" అన్నాడు, వరండా చివరిదాకా వినపడేట్టు.